మా ఆవిడ నింపిన తూటాలు

మా ఆవిడ ఆస్పత్రిలో ఫార్మసిస్టు. వారమంతా అక్కడ మందులు కొలుస్తుంది. శనివారం మధ్యాహ్నాలు మా గరాజ్‌లో కూర్చుని ఇంకో రకం మందు కొలుస్తుంది, తూటాల్లో పోసే మందు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఈ పరాయి దేశంలో మేముండే క్రెయిగీబర్న్‌లో ఎవరింట్లో బార్బెక్యూ పెట్టినా మా స్నేహితులు నా చేతికి గ్లాసిస్తూ, "మూడో రకం మందు నువ్వు చూసుకో గురూ" అంటారు. నేనూ నవ్వేస్తాను. ఆమె ఆ బల్ల ముందు కూర్చున్నప్పుడు మాత్రం నాకు నవ్వు రాదు. ఒక పనిని ఒక మనిషి అంత శ్రద్ధగా చేయడం నేను ఇంకెక్కడా చూడలేదు.

నాది గుంటూరు. ఆమెది వరంగల్ దగ్గర పల్లె. ఆమె చిన్నతనంలో ఆ ఊళ్ళో తుపాకీ అంటే ఒకనాడు అన్నలు, మరునాడు పోలీసులు. ఎటువైపు నుంచి చప్పుడు వినిపించినా వాళ్ళమ్మ దీపం ఆర్పేసి పిల్లల్ని గోడవారకి లాక్కునేదట. పెళ్ళయిన కొత్తలో దీపావళికి మా వీధిలో బాంబులు కాలుస్తుంటే ఆమె లోపలి గదిలోంచి బయటికి రాలేదు. అలాంటి మనిషి, ఆస్పత్రిలో తనతో పనిచేసే ఒక పెద్దావిడ పిస్టల్ క్లబ్బుకి చూడ్డానికి రమ్మంటే వెళ్తానంది. ఆ పెద్దావిడ ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, ఎన్నో ఏళ్ళుగా పోటీల్లో కాలుస్తోంది. ఊరికే మర్యాదకి పిలిచి ఉంటుంది, ఈవిడ ఊరికే మర్యాదకి వెళ్తోంది అనుకున్నాను.

సాయంత్రం తిరిగొచ్చింది. అన్నం తినేటప్పుడు నేనే అడిగాను, భయం వేయలేదా అని.

"వేసింది" అంది. "గని అక్కడ ఎవ్వరు ఉరుకుతలేరు. అందరు నిలబడి కాయితం దిక్కు చూస్తున్నరు. మొదటి చప్పుడుకు గుండె దడదడ అన్నది. తర్వాత తర్వాత మంచిగనే ఉన్నది."

నాకు అస్సలు ఇష్టం లేదు. ఇంట్లో పిస్టల్ ఏమిటి, మన పిల్ల ఉన్న ఇంట్లో, అని వాదించాను. ఆమె వాదించలేదు. నెలల తరబడి క్లబ్బుకి వెళ్ళింది, పరీక్ష రాసింది, లైసెన్సుకి పెట్టింది. గరాజ్ మూల కాంక్రీటులోకి బోల్టులు దింపి పిస్టల్ దాచే ఇనప్పెట్టె బిగించిన రోజున మా అమ్మాయి యూనివర్సిటీ నుంచి వచ్చి చూసి, "మమ్, దిస్ ఈజ్ సో నాట్ యూ" అంది. ఆమె నవ్వింది. తర్వాత లైసెన్సు తనిఖీకి పోలీసులొచ్చి పెట్టెని ఊపి చూసి, కదలడం లేదని తేల్చుకుని వెళ్ళారు.

తూటాలు నింపడం ఆమె సరదాకి మొదలుపెట్టలేదు. కొట్లో దొరికే తూటా పేలినప్పుడు పిస్టల్ వెనక్కి గట్టిగా తన్నేది. ఏళ్ళ తరబడి సీసాల మూతలు తిప్పి తిప్పి ఆమె కుడి మణికట్టు ముందే నొప్పిగా ఉండేది. క్లబ్బుకి వెళ్ళొచ్చిన ప్రతి ఆదివారం రాత్రి ఐస్ పెట్టుకునేది. అది చూసి పెద్దావిడ, సొంతంగా నింపుకుంటే మందు కొలతల పుస్తకంలో ఇచ్చిన హద్దుల్లోనే తక్కువగా తన్నే మెత్తటి తూటా చేసుకోవచ్చని చెప్పింది. తన షెడ్డులో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది.

ఆ పని ఎలా ఉంటుందో నేను గరాజ్ గుమ్మంలో నిలబడి చూసి తెలుసుకున్నాను. తూటా పేలాక ఇత్తడి గొట్టం మిగులుతుంది. దాన్ని పారేయరు. కడిగి, ఆరబెట్టి, మళ్ళీ సరైన కొలతకి నొక్కుతారు. అడుగున కొత్త ప్రైమర్ కూర్చోబెడతారు, అది చిన్న బొట్టుబిళ్ళంత ఉంటుంది. పిస్టల్ సుత్తి దాన్ని తాకితేనే లోపలి మందు అంటుకుంటుంది. తర్వాత మందు పోస్తారు. పైన గుండు పెట్టి బిగిస్తారు. వీటన్నిటికీ బల్లకి బిగించిన ఒక ప్రెస్సు ఉంటుంది. దాని పిడి మన బోరింగు పంపు పిడిలా పైకీ కిందికీ ఆడుతుంది. ఆమె దాన్ని దించేటప్పుడు తొందర ఉండదు. చేతికి ఏదైనా కొంచెం తేడాగా తగిలితే అక్కడే ఆగి, గొట్టం బయటికి తీసి, వేలితో అంచు తడిమి చూస్తుంది.

ఆమె నియమాలు ఆమెకున్నాయి. ఫోను వంటింట్లో ఉండాలి. బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉండాలి. పాటలు ఉండకూడదు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే చేతిలో ఉన్న గొట్టంలోని మందు వెనక్కి పోసేసి దాన్ని మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెడుతుంది. అందుకని నేను టీ తీసుకెళ్ళినా ఆమె తల తిప్పి చూసేదాకా గుమ్మంలోనే నిలబడతాను. మందు పోశాక టార్చి వేసి లోపలికి చూసుకుని, అప్పుడు గుండు పెడుతుంది. ఇత్తడి కడగడం మాత్రం నాకు అప్పగించింది. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నాల్లో ఇంటి వెనక చెక్క డెక్కు మీద పాత తువ్వాలు పరిచి వాటిని ఆరబెడతాను. ఇష్టం లేదన్నవాణ్ణి ఎప్పుడు అందులోకి దిగానో నాకే తెలియదు.

పోయిన వసంతంలో క్లబ్బుల మధ్య పోటీ జరిగింది. ఫ్రీవే మీద ఉత్తరంగా వెళ్తే వచ్చే ఒక చిన్న ఊరు. చుట్టూ గొర్రెల మేత పొలాలు, గాలి ఎక్కువ. ఆమె ఆ రోజు కాల్చినంత బాగా కాల్చడం నేను ఎప్పుడూ చూడలేదు. ప్రతి విడత కాల్పులయ్యాక పెద్దావిడ టార్గెట్టు చూసొచ్చి నా భుజం మీద తట్టి కూర్చునేది. మధ్యాహ్నానికి స్కోరు పట్టీలో మా ఆవిడ పేరు పైవరసల్లో ఉంది.

చివరి విడతల్లో ఒకటి గడియారం పెట్టి కాల్చేది. గంట మోగగానే పిస్టల్ ఎత్తి, గడువు లోపల వరసగా కాల్చాలి. ఆమె మొదలుపెట్టింది. చెవులకి మూతలు పెట్టుకుని వెనక నిలబడ్డ నాకు అన్ని చప్పుళ్ళూ ఒకటిగానే వినిపిస్తున్నాయి. పక్కవాళ్ళందరూ కాలుస్తూనే ఉన్నారు. ఆమె మాత్రం ఉన్నట్టుండి ఆగిపోయింది. వేలు మీట మీద నుంచి తీసేసింది. పిస్టల్ టార్గెట్టు వైపే ఉంచి, అధికారికి సైగగా ఎడమ చెయ్యి పైకెత్తింది. గడియారం నడుస్తోంది. ఇంకా కాల్చాల్సినవి ఉన్నాయి. ఏదో ఇరుక్కుని ఉంటుంది, పిస్టల్ పైభాగం ఒకసారి లాగి వదిలితే సరిపోతుంది కదా, అలా చేయడం ఎన్నిసార్లు చూశాను, ఎందుకు నిలబడిపోయింది అని నాలో నేనే గింజుకున్నాను.

గడువు అయిపోయాక రేంజి అధికారి దగ్గరికొచ్చాడు. పిస్టల్ ఖాళీ చేయించి, దాని గొట్టంలోకి సన్నటి కడ్డీ దూర్చాడు. అది సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆయన మొహంలో రంగు మారడం నాకు కనిపించింది. ఆమె వైపు చూసి, బాగా ఆగావు, అని ఇంగ్లీషులో ఒక్క మాట అన్నాడు.

పెద్దావిడే నాకు విడమరిచి చెప్పింది. ఆ తూటాలో మందు లేదు. ప్రైమర్ ఒక్కటే పేలి, గుండుని పిస్టల్ గొట్టం మధ్యదాకా తోసి వదిలేసింది. చప్పుడు మిగతావాటికంటే మెత్తగా వచ్చి ఉంటుంది. అది గమనించకుండా లాగి వదిలి మళ్ళీ మీట నొక్కి ఉంటే, రెండో గుండు మొదటిదాన్ని గుద్దుకుని పిస్టల్ చేతిలోనే పగిలేది. గడియారం ముందు నిలబడ్డవాళ్ళలో చాలామంది నొక్కేస్తారు, చెయ్యి దానంతటదే చేసేస్తుంది, అంది. నేను దగ్గర్లో ఉన్న బెంచీ మీద కూర్చున్నాను.

చుట్టూ చేరినవాళ్ళలో ఒకాయన ప్రైమర్ల పెట్టె పాడైనదేమో, అప్పుడప్పుడూ అలాంటివి వస్తుంటాయి అన్నాడు. ఆమెకి తప్పుకోవడానికి దారి చూపించాడన్నమాట. ఆమె తల అడ్డంగా ఊపింది. ప్రైమర్ పేలింది, మందే పడలేదు, నింపింది నేను, తప్పు నాది అని అందరికీ వినపడేలా ఇంగ్లీషులో చెప్పింది. ఇంకొకరు తన పిస్టల్, తన తూటాలు ఇస్తానన్నారు. థాంక్స్ చెప్పి, పోటీ నుంచి తప్పుకుంది.

తిరిగొచ్చేటప్పుడు కారు నేనే నడిపాను. ఎంతో దూరం వచ్చాక, తప్పు ఎవరైనా చేస్తారు, నువ్వు ఆగావు చూడు, అదీ గొప్ప, అన్నాను.

"ఆగుడు వేరే ముచ్చట" అంది. "ఆస్పత్రిల ఒకరికి మందు లేని సీసా ఇచ్చి, ఎవరైనా చేస్తరు అంటే నడుస్తదా?"



ఆ వారమంతా ఆమె ఆ దఫాలో నింపిన తూటాలన్నీ విప్పేసింది. దానికి ప్లాస్టిక్ సుత్తిలాంటిది ఉంటుంది. తూటా అందులో పెట్టి గచ్చు మీద కొడితే గుండు ఊడొస్తుంది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గరాజ్‌లోంచి ఆ టక్కుటక్కు వినిపించేది. అన్నిట్లోనూ మందు సరిగ్గా ఉంది. ఆ ఒక్కటీ ఎలా తప్పిపోయిందో ఆమెకి దొరకలేదు. దొరికి ఉంటే ఆమెకి కొంత నయంగా ఉండేది. ఆ తర్వాత ప్రెస్సు మీద గుడ్డ కప్పేసింది. క్లబ్బుకి కూడా వెళ్ళలేదు.

కొన్ని వారాలు చూసి పెద్దావిడే మా ఇంటికొచ్చింది. గరాజ్‌లో ఇద్దరూ స్టూళ్ళు వేసుకుని కూర్చున్నారు. తను కూడా ఒకప్పుడు అలాంటి తూటా నింపిందనీ, తను మాత్రం ఆగలేదనీ, అదృష్టం బాగుండి పిస్టల్ పోయింది గాని చెయ్యి దక్కిందనీ చెప్పింది. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరికీ చెప్పలేదంది. నువ్వు అక్కడ అందరిముందూ చెప్పావు, నాకు సిగ్గేసింది, అంది. మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుంది. నేను టీ తెచ్చి గుమ్మంలోనే నిలబడ్డాను.

తర్వాతి శనివారం ప్రెస్సు మీద గుడ్డ తీసింది. పని పద్ధతి మార్చింది. ఇప్పుడు ఒక్కొక్కటీ అక్కడికక్కడే బిగించదు. గుంతలున్న చెక్కపలకలో గొట్టాలన్నీ నిలబెట్టి, అన్నిట్లోనూ మందు పోసి, అప్పుడు నన్ను పిలిచింది.

"ఆస్పత్రిల డేంజర్ మందులకు ఇద్దరం చూస్తం" అంది. "ఒక్కరి కన్ను సాలదు. నువ్వు చూడు."

నాకేం తెలుసు అన్నాను. తెలియాల్సిందేం లేదు, అన్నిట్లో మందు ఒక్క ఎత్తులో ఉందా లేదా చూస్తే చాలు, అంది. టార్చి నా చేతికిచ్చి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది, నా చూపుకి అడ్డం రాకుండా. నేను వంగి వరస వరసా చూశాను. ప్రతి ఇత్తడి గొట్టం అడుగునా బూడిదరంగు పలుకులు, ఒకే మట్టంలో. ఎక్కడా తొందరపడలేదు. అయిపోయాక సరిగ్గా ఉన్నాయన్నాను.

ఆమె తల ఊపి, టార్చి తీసుకుని, మొదటి వరస నుంచి మళ్ళీ తను చూడ్డం మొదలుపెట్టింది.