తపస్సుకాలంలో కోడికూర

ముందుగా ప్రమాణం చేస్తున్నాను: ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. నా సంగతి తెలిసినవాళ్ళు ఇక్కడే నవ్వుతారు, ఎందుకంటే బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంలో చివరిదాకా పాడింది నేనేనని ఒకసారి ఇలాగే ప్రమాణం చేశాను. అయినా ఈసారి జపమాల చేత్తో పట్టుకుని మరీ రాస్తున్నాను, నమ్మండి.

మొన్న శుక్రవారం దిల్‌సుఖ్‌నగర్‌లో, నేను ఇంగ్లీషు చెప్పే కోచింగ్ సెంటరు కింది మెస్సులోంచి కోడికూర వాసన పైకి వచ్చింది. విభూది బుధవారం గడిచి ఎంతో కాలేదు. ఆ బుధవారంతో మొదలై ఈస్టరు దాకా సాగే తపస్సుకాలంలో శుక్రవారం మేము కతోలికులం మాంసం ముట్టం. పిల్లలు పాఠం రాసుకుంటూ ఉంటే నేను కిటికీ దగ్గర నిలబడి, తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజుల్లో, మిషనరీలు కావాలనుకునే యువకులను తయారుచేసే మా ఆశ్రమంలో, ఇలాంటి శుక్రవారమే జరిగిన ఒక సంగతిలోకి జారిపోయాను.

ఆశ్రమమంటే పెద్దగా ఊహించుకోకండి, ఎల్బీనగర్ దాటి హయత్‌నగర్ వెళ్ళే దారిలో కిరాయికి తీసుకున్న రెండంతస్తుల ఇల్లు. కింద ప్రార్థనాలయం, పైన ఇనుప మంచాలు. తెల్లవారకముందే ధ్యానం, ఆ పైన దివ్యపూజ, పాఠాలు, మధ్యాహ్నం మరుగుదొడ్లు కడగడం, సాయంత్రం జపమాల. నడుము వంగకుండా మనసు వంగదని మా పెద్ద ఫాదర్ నమ్మకం. ఆయన మలయాళీ. మాలో సగం మంది తెలంగాణవాళ్ళు, సగం మంది కోస్తావాళ్ళు. టీవీలో వార్తలు మొదలైతే భోజనాల బల్ల రెండుగా చీలేది. అందుకని ఆయన టీవీ తీగ పీకి తన బీరువాలో దాచి, ఏ సభకూ ఏ ఊరేగింపుకూ వెళ్ళకూడదని, వెళ్ళినవాడికి మాటపట్టు లేదని తేల్చి చెప్పాడు. మాటపట్టంటే దేవుడి ముందు చేసే వ్రతం. అది చేస్తేనే మిషనరీ, లేకుంటే పెట్టె సర్దుకుని ఇంటికి.

నల్గొండ బ్రదర్ ఒకడు అప్పటికే దిల్‌సుఖ్‌నగర్ ఊరేగింపులో దొరికిపోయి, ఇదే ఆఖరిసారని మాట పడ్డాడు. ఒడిశా కొండల్లో పనిచేయాలని అతని ఆశ. మంచం పక్క గోడకు ఆ జిల్లాల పటం అతికించుకుని, తెలియని ఊళ్ళ పేర్లు జపంలా చదివేవాడు. పక్క మంచం గుంటూరు బ్రదర్‌ది. వాళ్ళిద్దరూ నీళ్ళ వాటా దగ్గర మొదలుపెట్టి ఫ్యాను వేగం దాకా దెబ్బలాడుకునేవాళ్ళు.

ఆ శుక్రవారం మీర్‌పేట్‌లో రోగులను చూసి తిరిగి వస్తుంటే ఎల్బీనగర్‌లో బస్సు ఆగిపోయింది. రోడ్డంతా వంటావార్పు, అంటే దారి ఆపి అక్కడే వండుకుని తినే నిరసన. దిగి నడిచాం, ముందు వాళ్ళిద్దరూ, వెనక గొడుగుతో నేను. గుండిగల దగ్గర ఒక పెద్దమ్మ పిలిచింది.

“ఏందయ్యా, ఎండల గట్ల పోతున్నరు? జర కూసోని ఇంత తినిపోండ్రి.”

“వద్దండి, ఇవాళ మాకు ఉపవాసమండి,” అన్నాడు గుంటూరు బ్రదర్.

ఆ ‘అండి’ దగ్గరే నలుగురు కుర్రాళ్ళు తలలు తిప్పారు. “అన్నా, నీ మాట మాదిక్కుది కాదే. ఏ ఊరు నీది?” అని ఒకడు దారికి అడ్డంగా వచ్చాడు. బ్రదర్ మోకాళ్ళు వణకడం నాకు కనిపిస్తూనే ఉంది. పక్కకు తప్పుకుని పోయుంటే నల్గొండ బ్రదర్‌కు ఏ గొడవా లేదు. అతను వెనక్కి తిరిగి వచ్చి ఆ వణికే భుజం మీద చెయ్యి వేశాడు.

“మా తమ్ముడే. మా సిన్నమ్మను ఆ దిక్కు ఇచ్చిన్రు. పరేషాన్ చెయ్యకుండ్రి, ఆకలైతుంది.”

“ఆకలైతే ఉపవాసమేంది?”

“గది మా సిన్నమ్మ సెప్పమన్నది. నువ్వు కూర ఎయ్యి.”

“తినేటోన్ని ఊరడుగుతర్రా, జరుగు,” అంటూ పెద్దమ్మ రెండు విస్తళ్ళు వేసింది. కోడికూర. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తిన్నారు. నా సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మా ఆశ్రమంలో సోదర సవరణ అనే ఆచారం ఉండేది. వారానికోసారి గుండ్రంగా కూర్చుంటే, ఒకరు లేచి మరొకరి తప్పును ప్రేమతో ముఖాన చెప్పాలి. విన్నవాడు ఎదురు చెప్పకూడదు, కృతజ్ఞత చెప్పి ఊరుకోవాలి. రోడ్డు మీద తిన్న సంగతి ఎవరి కంటో పడి, అప్పటికే ఇల్లంతా గుసగుసగా పాకింది. ఎవరు లేచినా అది ఉద్యమం కథ అవుతుంది, నల్గొండ బ్రదర్ పెట్టె సర్దుకుంటాడు. అందుకని అందరికంటే ముందు గుంటూరు బ్రదర్ లేచాడు.

“ఈ బ్రదర్ అబద్ధమాడారు ఫాదర్. నన్ను తమ్ముడన్నారు. నేను ఆయనకంటే రెండేళ్ళు పెద్దవాణ్ణి.”

“కృతజ్ఞతలు బ్రదర్,” అన్నాడు నల్గొండ బ్రదర్ తల వంచి.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎక్కడ అన్నాడని ఫాదర్ అడిగాడు. గుంటూరు బ్రదర్ దాచకుండా, తన మోకాళ్ళతో సహా, అంతా చెప్పాడు. ఫాదర్ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

“శుక్రవారం కోడి తిన్నందుకు వచ్చే శుక్రవారం ఇద్దరికీ గంజి. మీ ఇద్దరి తెలుగూ నాకు సగమే తెలుసు. మిగతాది నాకు అర్థం కాలేదు,” అన్నాడు.

ఈస్టరు, అదే మా ఉయిర్పు పండుగ, అయ్యాక నల్గొండ బ్రదర్ మాటపట్టు చేసి, ఆ పటం చుట్టుకుని ఒడిశా కొండలకు వెళ్ళాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

జపమాల చేతిలో ఉంది కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. ఆ రోజు బస్సు దిగి నడిచింది ముగ్గురం కాదు, ఇద్దరమే. వెనక గొడుగుతో నడిచిన మనిషిని నేను కల్పించాను. గుంటూరు బ్రదర్‌ను నేనే. మోకాళ్ళు వణికినవాడి కథను కొంచెం దూరం నుంచి చెబితే తేలికగా ఉంటుందనిపించింది. కోడికూర నిజం, భుజం మీద చెయ్యి నిజం. నాది అసలైన దైవపిలుపు కాదని తర్వాత నాకే తెలిసివచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డాను.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో కిందా పైనా రోడ్లే, ఏ బండీ ఆగే పని లేదు. నా మాట విని ఏ ఊరని అడిగేవాళ్ళు లేరు. అడగకపోవడం మంచిదే. కానీ ఆ రోజు అడిగినవాళ్ళ మధ్యే నాకు విస్తరి వేశారు. ఆ తర్వాత అదే రోడ్డు మీద ఎన్ని ఎండల్లో నడిచానో, కూర్చుని తినిపొమ్మన్నవాళ్ళు మళ్ళీ కనబడలేదు.