రెండు పచ్చల స్వెట్టర్

రామగుండం స్టేషన్ వెయిటింగ్ రూములో నా పక్కన ఒక అవ్వ కూర్చుని, పచ్చ స్వెట్టర్‌ను విప్పి ఊలు తీస్తోంది. కాళ్ల దగ్గర గంప నిండా పాత బట్టలు, స్టీలు గిన్నెలు. బట్టలు తీసుకుని గిన్నెలిచ్చే ఆమె అన్నమాట.

ఆ స్వెట్టర్‌కు ఒక చెయ్యి లేతపచ్చ, ఒక చెయ్యి ముదురుపచ్చ. చూడగానే గుర్తుపట్టాను. మిగిలిపోయిన ఊలును చవగ్గా బేరమాడి తెచ్చి, రంగు కలవకపోయినా రెండు నెలలు కూర్చుని మంచిర్యాలలో ఉండే మా అక్క కోసం నేను అల్లిందే. "చలికాలమంత అదే తొడుక్కున్ననే" అని అక్క మొన్ననే ఫోన్లో చెప్పింది.

కొట్ల మధ్య పెరిగిన నోరు కదా నాది, ముందు ధరే అడిగింది.

"దీనికేమిచ్చినవ్ అవ్వా?"

"చిన్న గిన్నె, బిడ్డా. మంచిర్యాలల ఒకామె ఇచ్చింది. ఒక్కసారి గూడ తొడగలేదంట. మూత గూడ కావాలెనని గంటసేపు కొట్లాడింది గని, నేనియ్యలే."

ఇక అనుమానం లేదు. మూత కోసం గంటసేపు కొట్లాడేది మా ఇంటి పిల్లే.

"అల్లినామె చెయ్యి మంచిగున్నది, జల్ది ఊడుతలేదు" అంది అవ్వ. "జర చేతులు చాపు బిడ్డా, ఊలు చుడత."

చేతులు చాపాను. రెండు నెలల పని నా మణికట్ల చుట్టూ చేరుతుండగా వీపు దగ్గర ఒక ముడిలో పోగు ఇరుక్కుంది. అవ్వ పళ్లతో కొరకబోయింది.

"కొరకకు అవ్వా, ఇటియ్యి" అన్నాను.

ఆ ముడి ఎటు లాగితే ఊడుతుందో నాకు తెలుసు.