రెండు వందల పన్నెండో విమానం

టిక్కు మేడమ్‌కి ఆ వారం కాలు ఒకచోట నిలవలేదు. యాభై ఏళ్ళ కిందటి యుద్ధంలో పోయిన విమానాల జాబితా పుస్తకంగా అచ్చుకి వెళ్ళబోతోంది. ఒక్కటీ వదలలేదని ఆఖరి పేజీలో సంతకం పెట్టాల్సింది ఆవిడే. వైమానిక దళం రికార్డుల గదిలో ఇరవై ఆరేళ్ళుగా ఆకుపచ్చ పెన్సిలుతో టిక్కులు పెట్టీ పెట్టీ, అసలు పేరు అందరూ మరిచిపోయిన మనిషి. అంతటి మనిషీ ఇంటి తాళం మూడుసార్లు లాగి చూస్తోంది, భోజనం ముందు కూర్చుని చెంచాలు లెక్కపెడుతోంది.

"వాటిక్కూడా ఓ రిజిస్టరు పెట్టేయరాదూ," అన్నాడు భర్త. ఆవిడకి నవ్వు రాలేదు.

ఇదంతా సోమవారం వచ్చిన పిన్నిగారి వల్ల. చుట్టమేం కాదు, మేడమ్ వరస కలుపుకుని పిలుస్తుంది, అంతే. పిన్నిగారి అన్న పైలట్. యుద్ధం మధ్యలో సెలవు మీద వెళ్ళి తిరిగి రాలేదు. పారిపోయాడని రాసేసి దళం చేతులు దులుపుకుంది. ఎనిమిదేళ్ళ కిందట పిన్నిగారు వచ్చి అడిగితే, "పోయినవన్నీ ఇందులో ఉన్నాయండీ, మీ అన్నయ్య వేటిలోనూ లేరు," అని చెప్పి పంపింది ఈ మేడమే.

ఈసారి పిన్నిగారు వాదన పెట్టుకోలేదు. "పుస్తకం వేస్తున్నారటగా. వేసేముందు ఇంకొక్కసారి చూడండమ్మా. మా అన్న పారిపోయే రకం కాదు," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ గదిలో ఓ పద్ధతుంది. యుద్ధం మొదట్లో ఎన్ని విమానాలున్నాయి, మధ్యలో ఎన్నొచ్చాయి, చివరికి ఎన్ని మిగిలాయి? తీసేస్తే తరుగు రెండు వందల పన్నెండు. జాబితాలో వరసలూ రెండు వందల పన్నెండు. రెండూ కలిశాయా, టిక్కు పెట్టెయ్. ఎనిమిదేళ్ళ కిందట మేడమ్ చేసింది అదే.

ఇప్పుడు మొత్తాలు పక్కన పడేసి ఒక్కో విమానాన్నీ పట్టుకుంది. మూడో రోజున చిక్కింది. తొంభై ఏడో వరసలో ఉన్నదీ, నూట ముప్పై ఒకటిలో ఉన్నదీ ఒకే విమానం. పోగొట్టుకున్న స్క్వాడ్రన్ తోక మీది నంబరు రాసింది. తోక కాలిపోవడంతో, శకలాలు తెచ్చుకున్న తుక్కు యార్డు వాళ్ళు లోపలి రేకు మీది ఫ్యాక్టరీ నంబరు రాశారు. మరి ఒకే విమానం రెండుసార్లు ఎక్కినా లెక్క సరిపోయిందంటే, ఇంకొకటి అసలు ఎక్కనే లేదన్నమాట.

ఆ ఇంకొకటి రిపేరు షెడ్డు గేటు పుస్తకంలో దొరికింది. బాగుచేసిన విమానాన్ని స్క్వాడ్రన్‌కి చేర్చే మనిషి లేక, దగ్గర్లో సెలవులో ఉన్న పైలట్‌ని పిలిచి అప్పగించారు. కింద సంతకం పిన్నిగారి అన్నయ్యది. ఆ తర్వాత అది ఎక్కడా దిగినట్టు రాత లేదు. విమానం చేరిపోయిందనుకుంది షెడ్డు. ఇంకా షెడ్డులోనే ఉందనుకుంది స్క్వాడ్రన్. అతన్ని పిలిచిన సంగతే అతని పైవాళ్ళకి తెలియదు. మహానుభావులు, ఒకరినొకరు ఒక్క మాట అడిగి ఉంటే ఏం పోయేదో.

సంగతి విని ఆఫీసు పెద్ద సారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఒకటి కొట్టేసి ఒకటి రాస్తే మళ్ళీ రెండు వందల పన్నెండే కదమ్మా. దీనికోసం అచ్చు ఆపి మనల్ని మనం అల్లరి చేసుకోవడం దేనికి?"

"అల్లరయ్యేది నేనే సార్. అప్పుడు టిక్కు పెట్టింది నేను. ఇది మార్చకపోతే సంతకం పెట్టను."

ఆయన ముఖం ముడుచుకున్నాడు గానీ అచ్చు ఆపాడు. 'పారిపోయాడు' అన్న మాట కొట్టేస్తూ రాసిన ఉత్తరం మీద సంతకమూ చేశాడు.

పోస్టులో పంపడానికి మేడమ్‌కి మనసొప్పలేదు. తనే వెళ్ళింది. సంగతంతా చెప్పాక పిన్నిగారు కాగితం అందుకుంది.

"అప్పుడు లేదన్నారు కదమ్మా."

"అన్నాను పిన్నిగారూ. మొత్తం సరిపోయిందని లోపల చూడలేదు. తప్పు నాదే."

"అమ్మ పోయి ఆరేళ్ళయింది," అంది పిన్నిగారు. "చివరిదాకా వీధిలో ఎవరి మొహమూ చూడలేదు."

మేడమ్ వెళ్ళిపోదామని లేచింది.

"కూర్చోండి," అంది పిన్నిగారు, కాగితం తిరిగి చేతిలో పెడుతూ. "నాకు కళ్ళు ఆనవు, మీరే చదవండి. కొంచెం గట్టిగా. అమ్మ మంచం ఆ లోపలి గదిలోనే ఉండేది."

మేడమ్ గొంతు సవరించుకుని, ఆ గది వైపు తిరిగి చదివింది.