రంగూన్ టేకు పడవ

బెజవాడ స్టేషన్లో దిగేసరికి సన్నటి జల్లు. డెబ్బై ఏడు నవంబరు. దివిసీమను ఉప్పెన ముంచి మూడు రోజులు. వీపున సామాను, చేతిలో పార. మా పటాలాన్ని తుపాకులు వదిలేసి రమ్మన్నారు.

లారీలో కెప్టెన్ గారు మ్యాపు పరిచారు. బందరు రేవు, కృష్ణ పాయలు, హంసలదీవి. "ఒకప్పుడు ఈ తీరం నుంచి ఓడలు జావా దాకా వెళ్ళేవి" అన్నారు. కాలవ దాటడానికి మాత్రం మాకు ఒక్క పడవ దొరకలేదు. మోకు పట్టుకుని ఛాతీలోతు నీళ్ళలో దాటాం.

అవతల ఊరు లేదు. కరకట్ట ఉంది. దాని మీద శవాలు. పొద్దుగూకేలోగా దహనం చేయాలని ఆర్డరు. కిరసనాయిలు వచ్చింది, కట్టెలు రాలేదు. పడిన తాడిచెట్లన్నీ నాని ఉన్నాయి. ముక్కలైన పడవలన్నీ అప్పటికే కాల్చేశాం. ఒక్కటి మిగిలింది. కట్ట మీద బోర్లా పడి ఉంది. పక్క చీలింది, అంతే.

దానికి ఆనుకుని పోలయ్య కూర్చున్నాడు. చేపల వేటకు వెళ్ళే మనిషి. మాలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పడవ కావాలని చెప్పమన్నాడు హవల్దారు. చెప్పాను.

"వద్దు బాబూ. మా నాయిన తెరచాప ఓడల్లో తిరిగి రంగూన్నుంచి తెచ్చిన టేకు ఇది. ఇది పోతే నేనేం తినాల? ఆయనకి సెప్పండి."

హవల్దారుకు చెప్పాను. అతను మొహం తిప్పుకున్నాడు.

"కుక్కలొస్తున్నాయి. మరి దేంతో కాల్చాలో అతన్నే అడుగు."

అడిగాను. పోలయ్య కట్ట పొడుగునా చూశాడు.

"మా ఆడది దొరకలేదు బాబూ. ఈళ్ళలో ఎవరో ఒకరు మా సూరమ్మే అనుకుంటాను. గొడ్డలి ఇట్టా ఇయ్యి."

మొదటి దెబ్బ అతనే వేశాడు. పాత టేకు. బాగా మండింది.

వారానికి తిరిగొచ్చాం. బెజవాడ పొలిమేరలో లారీల వరస. నిండా ఎండు సరుగుడు కట్టెలు. మేం దిగిన రోజు నుంచీ అక్కడే ఉన్నాయట.

"ఎందుకాగారండీ?" అని డ్రైవర్ని అడిగాను.

"పెద్దాయనెవరో వచ్చి జెండా ఊపాలంటండీ."

యుద్ధం చూశావా అని మా ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు. నాకు కనిపించేది ఒక్కటే. పడవ కాల్చిన మర్నాడు పొద్దున, ఇంకా చల్లారని బూడిదలో పోలయ్య గొంతుక్కూర్చుని పడవ మేకులు ఏరుతున్నాడు. కాలే మేకును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, ఊదుకుంటూ, ఒక్కొక్కటే తువ్వాల్లో వేసుకుంటున్నాడు.