అలకని గోడలు

ఇచ్చోడ దగ్గర మా ఊళ్లో వానకాలం వస్తే ఇంటింటికీ తిరిగి మలేరియా మందు కొట్టే పని నాదే. వీపున పంపు, ముక్కుకు తువ్వాల, నోట్లో ఎప్పుడూ ఒకటే పాట: "మందు కొట్టినంక గోడలు అలుకద్దు. అలికితే మందు పనిచెయ్యదు." మావి మట్టి గోడలు. పండుగొస్తే ఎర్రమట్టితో అలకకుండా ఆడవాళ్లకు చెయ్యి ఊరుకోదు. అలికిన గోడ కనబడితే ఆ వాకిట్లోనే నిలబడి అరిచేవాణ్ణి. సర్కారు అంగీ తొడిగితే చాలు, నాకు ఎక్కడలేని పెత్తనం వచ్చేది.

పక్కింటి చెల్లె మాత్రం నాతో ఎన్నడూ మాట పడలేదు. వరసకు కాదు, పిలుపుకు చెల్లె. ఆరేళ్ల బిడ్డ ఉంది. ఆ ఏడు ఎడ్లకు మొక్కే పొలాల పండుగకు ఊరంతా ఇళ్లు అలుక్కుంటే ఆమె గోడల మీద తెల్లటి మందు చారలు అట్లాగే ఉన్నాయి. చుట్టాలు నవ్వారట. "నవ్వనియ్యి అన్నా, నా బిడ్డకు జరం రాకుంటే చాలు" అంది. గోడలకు మందుంది కదా అని, ఉన్న ఒక్క దోమతెరనూ పుట్టింటికి ఇచ్చేసింది.

పండుగైన వారానికి జిల్లా నుంచి ముగ్గురు వచ్చారు. మందు పనిచేస్తోందో లేదో చూడాలట. "మా ఇంట్లనే చూడుండ్రి సారు, నా చేత్తో కొట్టిన" అని గొప్పగా ముందుకు పోయాను. వాళ్లు గోడకు ప్లాస్టిక్ గిన్నెలు అంటించి, లోపల దోమలను వదిలారు. అరగంటయ్యాక వాటిని కప్పుల్లోకి మార్చి, చక్కెర నీళ్ల దూది పెట్టి ఉంచారు. తెల్లారి చూస్తే చచ్చినవి నాలుగు. మిగతావన్నీ హాయిగా తిరుగుతున్నాయి. నా మందు వాటికి దున్నపోతు మీద వాన. దోమలు దానికి అలవాటు పడిపోయాయనీ, పత్తి చేలల్లో కొట్టే మందులు కూడా ఒక కారణం కావచ్చనీ పెద్ద సారు చెప్పాడు.

"మరి ఊరోళ్లకు ఏం చెప్పాలె సారు?"

"ఇప్పుడే ఏం చెప్పకు. వేరే మందు వచ్చేదాంక గిదే కొట్టు. లేకుంటే రేపు ఎవ్వలు ఇంట్లకు రానియ్యరు."

సరే అన్నాను. ఆ సాయంత్రమే మా పిల్లలకు దోమతెర కట్టాను. పక్కింటి బిడ్డ గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను, వచ్చింది. ఇన్నేళ్లు అరిచిన నోటితో నా మందు ఉత్తదని చెప్పడానికి సిగ్గేసింది.

ఇరవై రోజులకు ఆ పిల్లకు చలిజ్వరం వచ్చింది. మెదడుకెక్కింది. ఆదిలాబాద్ దవాఖానకు చేరేసరికే ఫిట్స్. మూడో నాడు ఆటోలో శవాన్ని తెచ్చారు.

దినాలయ్యాక చెల్లె వచ్చి మా గడప దగ్గర కూర్చుంది. "అన్నా, నిజం చెప్పు. పండుగ నాడు పొయ్యి కాడ జరంత అలికిన. బెత్తెడే. గందుకేనా నా బిడ్డ పోయింది?"

కాదని చెప్పాలంటే ఆ పరీక్ష సంగతంతా చెప్పాలి. నేను తల దించుకున్నాను. ఆమె దాన్ని అవుననే అనుకుంది. నేను అనుకోనిచ్చాను.