దుబాసీ మావయ్య

ఎవరు నోరు తెరిచినా ఆ మాటను తర్జుమా చెయ్యకుండా ఉండలేకపోవడం మావయ్యకున్న ఒకే ఒక్క జబ్బు. తెలుగును కూడా తెలుగులోకే!

దేశాలన్నీ చేరి భూమి వేడెక్కుతోందని వాదించుకునే సదస్సుల్లో ఆయన దుబాసీ. అక్కడ అద్దాల గదిలో కూర్చుని, అన్నది అన్నట్టే చెప్పాలి. ఒక్క ముక్క కలపకూడదు. కలపలేకపోయినవన్నీ ఇంటికి మోసుకొచ్చేవాడు. అత్తయ్య "నాకేం వద్దులెండి" అంటే, గొంతు సన్నం చేసి, "బతిమాలితేగానీ చెప్పను" అనేవాడు. దాంతో ఆ పూట కాఫీ హుళక్కి.

ఆ వేసవిలో వాళ్ళ అపార్ట్‌మెంట్ ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ కాలింది. "ఈసారికి బాగుచేశాను. వాడకం సగానికి దించకపోతే ఇంక నన్ను పిలవకండి" అని తెగేసి చెప్పాడు లైన్‌మన్. సాయంత్రం మెట్ల దగ్గర మీటింగు. వాళ్ళింట్లో ఉండి చదువుకునే మేనకోడలు, తెల్లారగానే వెళ్ళిన లైబ్రరీ నుంచి నేరుగా వచ్చి, బిడియంతో అలవాటుగా స్తంభం చాటున నక్కింది. మావయ్య మాత్రం చెమటతో తడిసి ముద్దయినా పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు.

పై అంతస్తు డాక్టరుగారు లేచారు. "గొడవెందుకు? అందరం సమానంగా సగం తగ్గించుకుందాం."

"'ఐదు ఏసీలతో ట్రాన్స్‌ఫార్మర్ని కాల్చింది నేనే,'" మావయ్య అందుకున్నాడు. "'అయినా సరే, కింద గదిలో దర్జీ అక్క తన మిషను మోటారో, ఫ్యానో, ఏదో ఒకటి ఆపెయ్యాలి!'"

"నేనలా అన్లేదే!"

"పెద్ద దేశాలూ అనవు సార్. తరాల తరబడి పొగంతా వదిలేసి, ఇప్పుడు తగ్గించడం మాత్రం అందరం సమానంగా అంటాయి."

దర్జీ అక్క తల దించుకుని, "మీ ఇష్టమండీ" అంది. మోటారు ఆగితే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు.

మావయ్య గొంతు మెత్తబడింది. "'కాల్చింది నేను కాదు. చీకట్లో కూర్చునేది మాత్రం నేను. ఎక్కువ వాడినవాళ్ళు ఎక్కువ తగ్గించండి.'"

అక్క బిత్తరపోయి చూసింది. "అవునండీ... అదే" అంది మెల్లగా.

డాక్టరుగారికి ఒళ్ళు మండింది. "మరి తమరి మూడు ఏసీల మాటేమిటి?"

మావయ్య జేబురుమాలు తీసి మెడ తుడుచుకోవడంలో పడ్డాడు. మేనకోడలికి ఏం పూనిందో, స్తంభం చాటునుంచే అరిచేసింది: "'నావి ముందు ఆపి, తర్వాతే మిమ్మల్ని అడుగుతాను' అంటున్నారు మావయ్య!"

అంతా గొల్లుమన్నారు. డాక్టరుగారికీ నవ్వాగలేదు. "ఒకరు చాలరన్నట్టు ఇద్దరు దుబాసీలా! సరే, నావి నాలుగు ఆపుతాను. అక్క మోటారు జోలికి ఎవరూ వెళ్ళకండి."

పైకి వెళ్తూ మేనకోడలు గొణిగింది. "మీ తరఫున మాటిచ్చేశాను. కోపమా మావయ్యా?"

ఆయన తలుపు తీశాడు. లోపల్నించి పెనం మీది సెగలాంటి గాలి. నెత్తిన తడి తువ్వాలుతో అత్తయ్య పేపరుతో విసురుకుంటోంది.

"మూడు ఏసీలూ పొద్దున్నే విప్పించేశారే మీ మావయ్య! మీటింగులో చెప్పండీ అంటే, గొప్పలు పోయినట్టుంటుందట!"

"పెద్ద ఉక్కేం లేదులే," అన్నాడు మావయ్య, చొక్కా అంచు పిండుకుంటూ.

"'ప్రాణం పోతోంది,'" అని తర్జుమా చేసింది మేనకోడలు.