బ్రేకమ్మ ఇంట్లో ల్యాండ్‌ఫోను

ఆ పేటలో కారు నడపడం నేర్పే ఆడమనిషి ఒక్కరే. ఆవిడ్ని అందరూ బ్రేకమ్మ అంటారు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరుండే రెండో బ్రేకు మీద పాదం ఆనించి, ఎదురుగా లారీ దూసుకొస్తున్నా ఉలకదు పలకదు. నడిపేవాళ్ళకి పైప్రాణాలు పైనే పోయే క్షణంలో ఒక్క తొక్కు తొక్కి, "బతికుండగా నేర్చుకుంటావా, పోయాక నేర్చుకుంటావా?" అని తాపీగా అడుగుతుంది. ఆ ప్రశ్నకి స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. అలా ఏడ్చినవాళ్ళే తర్వాత తమ కూతుళ్ళని కూడా ఆవిడ దగ్గరికే పంపారు.

రోడ్డు మీద అంత నిబ్బరంగా ఉండే మనిషికి ఇంటి గుమ్మం తొక్కగానే ఒళ్ళు మండుకొచ్చేది. కారణం ఆడపడుచు.

భర్త పోయాక ఆ ఇల్లు బ్రేకమ్మకి సగం, భర్త అక్కకి సగం అయింది. అక్కగారు పెళ్ళి చేసుకోలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. వెనక గది ఆవిడది, ముందు గది బ్రేకమ్మది. హాలు మాత్రం ఇద్దరిదీ. హాలుకి అడ్డంగా గోడ కట్టేద్దామని ఇద్దరూ విడివిడిగా మేస్త్రీని పిలిపించి అడిగారు. ఉన్న కిటికీ ఒక్కటే, గోడ కడితే ఎవరో ఒకరు చీకట్లో కూర్చోవాలన్నాడాయన. ఆ ఎవరో ఒకరు అవతలివాళ్ళే కావాలని ఇద్దరూ పట్టుబట్టడంతో గోడ లేవలేదు. వంటింట్లో రెండు పొయ్యిలు, రెండు ఉప్పు డబ్బాలు. మాటల్లేవు. టీవీ సౌండు ఎక్కువైతే ఆడపడుచు గోడ వైపు తిరిగి, "కొందరికి చెవులు పోయినట్టున్నాయి" అనేది. "కొందరి చెవులు మరీ బాగా పనిచేసే మా కొంప ముంచాయి" అని బ్రేకమ్మ టీవీకి చెప్పేది.

ఆ చెవుల కథ పాతది. బ్రేకమ్మ పెళ్ళికి ముందు డ్రైవింగు నేర్చుకోవడానికి వెళ్ళింది. నేర్పినవాడితోనే మనసు కలిసింది. ఆ రోజుల్లో ఫోను చెయ్యాలంటే రిసీవరెత్తి ఆపరేటరుకి నంబరు చెప్పాలి. అక్కడ కూర్చున్న మనిషి తీగ గుచ్చితేనే లైను కలిసేది. ఆయన, తన అక్కకి డ్యూటీ లేని పూట చూసుకుని ఫోను చేసేవాడు. డ్యూటీలు మారుతుంటాయన్న సంగతి ప్రేమలో ఉన్నవాడికి తట్టలేదు. ఓ సాయంత్రం అక్కే లైను కలిపింది, అక్కే విన్నది, ఇంటికెళ్ళి తల్లికి చెప్పేసింది. తల్లి ససేమిరా అంది. పెళ్ళి ఏళ్ళ తరబడి నానింది. చివరికి ఆ తల్లి మంచాన పడ్డాక గానీ జరగలేదు. పెళ్ళిపీటల మీద కూర్చున్నప్పుడు బ్రేకమ్మ కన్ను ఆడపడుచు చెవుల మీదే ఉంది.

ఇది ఇలా ఉండగా కేబులాయన వచ్చాడు. నడివయసు మనిషి, భుజాన నల్లటి వైరు చుట్ట. గుమ్మంలోనే నిలబడి సంగతి చెప్పాడు.

"అమ్మా, మీ పాత ప్యాకు ఎత్తేశారు. ఇప్పుడు టీవీ, నెట్టు, ఇంటి ఫోను మూడూ కలిపే వస్తాయి. ఫోను వద్దంటే వేరే ప్యాకుంది గానీ, అందులో మీరు చూసే ఛానెళ్ళు సగం రావు."

"అంటే ఫోను నా నెత్తిన రుద్దుతున్నారన్నమాట."

"రుద్దడం కాదమ్మా, కలుపుతున్నాం."

"కలపడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. ఈ ఇంట్లో ఒకరు జీవితమంతా అదే పని చేశారు."

ఓరగా వేసున్న వెనక గది తలుపు బార్లా తెరుచుకుంది. ఆడపడుచు వచ్చి నిలబడింది. ఆవిడ గొంతు ముసలితనంలో కూడా గంటలా ఖంగుమంటుంది. మరదలి వైపు చూడకుండా కేబులాయన్నే అడిగింది.

"బాబూ, నా గదిలో కూడా ఒక ఫోను పెట్టడానికి వీలవుతుందా?"

"భేషుగ్గా అవుతుందండీ. ఒకే లైనుకి రెండు పెట్టొచ్చు. హాల్లో వాళ్ళు మాట్లాడుతుంటే మీ గదిలో ఎత్తినా వినిపిస్తుంది."

పాపం, ఆయన అది సదుపాయంగా చెప్పాడు. బ్రేకమ్మ మొహం కందగడ్డలా అయింది. "ఫోనూ వద్దు, నీ ప్యాకూ వద్దు. సగం ఛానెళ్ళు చాలు. దయచెయ్యి" అని తలుపు వేసేసింది. కేబులాయన వైరు చుట్ట తలుపు సందులో ఇరుక్కుంటే అది కూడా బయటికి తోసింది.

ఆ ఆదివారం బ్రేకమ్మ కూతురు వచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పని చేస్తుంది, రోజూ పంటినొప్పి వాళ్ళతో మాట్లాడి మాట్లాడి ఓర్పు అలవాటైన పిల్ల.

"అమ్మా, అత్త గదిలో సెల్లుకి సిగ్నలే రాదు. స్నేహితులు ఫోను చేస్తే పెరటి మెట్ల మీద ఎండలో నిలబడి అరుస్తోంది. చూళ్ళేకపోతున్నాను."

"అరవనీ. ఇన్నాళ్ళూ ఊళ్ళో వాళ్ళందరి మాటలూ తను విన్నది. ఇప్పుడు తన మాటలు ఊరంతా వింటోంది."

"ఎప్పటి సంగతమ్మా అది! నేను పుట్టకముందుది."

"అందుకే నీకు తేలిగ్గా ఉంది."

"నాన్నే మర్చిపోయాడు కదా?"

"మీ నాన్న తాళాలు ఎక్కడ పెట్టాడో కూడా మర్చిపోయేవాడు. ఆయన్ని లెక్కలోకి తియ్యకు."

కూతురు లేచి అత్త గదిలోకి వెళ్ళింది. అక్కడేం మాట్లాడుకున్నారో బ్రేకమ్మకి వినపడలేదు. వినడానికి హాల్లోకి వచ్చి నిలబడిందన్న మాట మాత్రం నిజం.

తర్వాతి వారం మధ్యాహ్నం బ్రేకమ్మ ఓ కొత్త పెళ్ళికూతురికి రివర్సు నేర్పి ఇంటికొచ్చేసరికి లోపల్నుంచి డ్రిల్లింగు మోత. హాల్లో తెల్లటి సున్నం పొడి. ఎవరో కొత్తవాడు, వేరే కంపెనీ చొక్కా వేసుకున్నవాడు, కిటికీ పక్క గోడకి కన్నం పెడుతున్నాడు. పక్కనే ఆడపడుచు కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఆపు!" అంది బ్రేకమ్మ. శిష్యుల్ని అదిలించే గొంతది. వాడి చేతిలో డ్రిల్లు టక్కున ఆగింది.

"నువ్వు కానీ నాయనా. గోడలో సగం నాది" అంది ఆడపడుచు.

"ఏ సగం? ముందు సగమా, వెనక సగమా? గోడ మందాన్ని కొలుద్దామా వదినా?"

"కొలువు. నా సగం వరకే కన్నం పెట్టిస్తాను. అక్కడే ఫోను తగిలిస్తాను."

"ఈ ఇంట్లోకి ఫోను రాదు. నీ చేతికి ఫోను దొరికితే ఏమవుతుందో నాకు తెలుసు!"

కోడలుగా అడుగుపెట్టిన నాటి నుంచి ఎంత పోట్లాడినా బ్రేకమ్మ ఆడపడుచుని 'మీరు' అనడం మానలేదు. ఆ రోజు 'నీ' అని నోరు జారింది. డ్రిల్లు కుర్రాడు సామాను సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"ఏమవుతుంది? చెప్పు, వింటాను" అంది ఆడపడుచు కుర్చీలోంచి లేస్తూ.

"వింటావు! వినడం తప్ప నీకేం వచ్చు? మా మాటలు విని మీ అమ్మకి మోశావు. ఎన్నేళ్ళు ఏడిపించావు మమ్మల్ని! సిగ్గులేదూ?"

ఆడపడుచు గంటలాంటి గొంతు బాగా తగ్గింది, అదే బ్రేకమ్మకి మరీ కంపరంగా తోచింది.

"విన్నాను. ఆ రోజు నువ్వేమన్నావో నీకు గుర్తుందా?"

"ఏదో అని ఉంటాను."

"'పెళ్ళయ్యాక మీ అక్క ఆ ఇంట్లో ఉండకూడదు. ఆవిడ గొంతు వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఉద్యోగముందిగా, ఎక్కడో గది తీసుకుని పడుండమను.' ఇదీ నువ్వన్నది. నా చెవికి తగిలించుకున్న దాంట్లోంచి విన్నాను. నా పక్కన ఇంకో నలుగురు కూర్చుని పని చేసుకుంటున్నారు. ఏడవడానికి కూడా లేదు."

ఆడపడుచు కుర్చీ పక్కకి నెట్టి ఇంకో అడుగు ముందుకొచ్చింది.

"నువ్వు పరాయిదానివి, నీ మాటకేంలే. వాడేమన్నాడో తెలుసా? 'అలాగేలే' అన్నాడు. ఒక్క క్షణం ఆగకుండా అన్నాడు. నాన్న పోయాక నా జీతంతో చదివించాను వాణ్ణి. నాకు వచ్చిన సంబంధాలు వాడి చదువు కోసం వద్దనుకున్నాను. 'అలాగేలే'ట! ఈ ముక్క అమ్మకి చెప్పి ఉంటే నీ పెళ్ళి ఆగడం కాదు, అసలు జరిగేదే కాదు. చెప్పలేదు. మీరు కలుసుకుంటున్నారని మాత్రం చెప్పాను. అంతకంటే ఏం చెయ్యమంటావు నన్ను?"

మరొకరైతే అక్కడ కాళ్ళ మీద పడేవారేమో. బ్రేకమ్మ అలాంటి మనిషి కాదు. "విననివాళ్ళకి ఈ బాధ ఉండదు" అనేసి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందంటే గేటు దాకా వెళ్ళాక తనకే నమ్మబుద్ధి కాలేదు. కానీ వెనక్కి తిరగలేదు.

ఆ సాయంత్రం పాఠాలున్నాయి. పక్క సీట్లో కూర్చుంది. నడుపుతున్న ఆవిడ బ్యాంకు మేనేజరు, సవ్యంగానే నడుపుతోంది. అయినా బ్రేకమ్మ ఉత్తపుణ్యానికి రెండుసార్లు బ్రేకు తొక్కింది. "నేనేం తప్పు చేశానండీ?" అని ఆవిడ బిక్కమొహం వేస్తే, "నువ్వు కాదులే. ముందుకి చూసి పోనీ" అంది.

ఆనాడు ఫోన్లో అన్న మాట గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఫోనున్న కిరాణా కొట్టు వెనక, బియ్యం బస్తాల మధ్య నిలబడి, ఫోను తీగ వేలికి చుట్టుకుంటూ అంది. అప్పుడు నవ్వుతూ అంది కూడాను. అన్నాక ఆయన 'అలాగేలే' అనడం కూడా గుర్తొచ్చింది. పెళ్ళయ్యాక ఆ ఊసే ఎత్తలేదాయన, అక్కని పంపించనూ లేదు. ఇద్దరి మధ్యా ఇంత మంట ఎందుకని ఏనాడూ అడగలేదు. 'మీ ఆడాళ్ళ గొడవలు నాకెందుకు' అని స్టెపినీ టైరు పట్టుకుని బయటికి పోయేవాడు. ఇన్నేళ్ళుగా తనకి ఆడపడుచు మీదున్న కోపంలో కొంత ఇప్పుడు వెళ్ళి చచ్చిపోయిన మనిషి మీద కూర్చుంది. ఆయనతో పోట్లాడదామంటే ఆయన లేడు. అది ఇంకా ఒళ్ళు మండించింది.

మర్నాడు పొద్దున్నే పాత కేబులాయనకి తనే సెల్లు కొట్టింది.

"ఆ మూడూ కలిపిన ప్యాకే పెట్టు. ఫోను మాత్రం ఒకటే. హాల్లో, నడిమధ్య. రెండో ఫోను పెట్టావంటే తీగలు పీకి నీ చేతిలో పెడతాను."

"ఆ లోపలి అమ్మగారి గదిలో..."

"చెప్పింది చెయ్యి."

సంగతి తెలిసిన కూతురు ఉబ్బితబ్బిబ్బై, "మనసు మారిందామ్మా?" అంది.

"నా మనసు ఎక్కడుండేది అక్కడే ఉంది. ఈ ఇంట్లో ఇక మీదట మాట్లాడేదేదో అందరి ముందూ మాట్లాడాలి. చాటుగా అనడాలు వద్దు, చాటుగా వినడాలు వద్దు."

ఫోను వచ్చింది. గోధుమరంగుది, ఒత్తే బటన్లది. ఆడపడుచు రోజంతా దాని పక్కనుంచి కదల్లేదు. మొదటి గంట మోగగానే ఆవిడ నడుము నిటారుగా అయింది. బ్రేకమ్మ అంతవరకు ఆవిడ అంత ఎత్తు మనిషని గమనించలేదు. రిసీవరెత్తి, "నమస్కారం. ఎవరు కావాలండీ?" అంది. అటువైపు వాళ్ళు ఏ పెద్ద కంపెనీకో కలిసిందనుకుని పెట్టేశారు.

అప్పట్నుంచి కొత్త యుద్ధం మొదలైంది. సాయంత్రాలు పాత ఎక్స్ఛేంజి స్నేహితురాళ్ళు ఫోను చేసేవారు. మోకాళ్ళ నొప్పుల దగ్గర మొదలుపెట్టి మనవల మార్కుల దాకా నడిచేది. బ్రేకమ్మ కావాలని టీవీ సౌండు పెంచేది. ఆడపడుచు ఒక చెవి మూసుకుని ఇంకా గట్టిగా మాట్లాడేది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవారు.

అంతకంటే పెద్ద తంటా డ్రైవింగు శిష్యులతో వచ్చింది. ఇంటి నంబరు ఎలాగో వాళ్ళకి తెలిసిపోయింది. ఎవరు చేసినా ఆడపడుచే ఎత్తేది.

"రేపు రానంటావా? ఎందుకు? భయమా? అలాగైతే రిక్షా ఎక్కు. మా మరదలికి వేరే పనుంది." ఇలా అని టప్పున పెట్టేసేది.

శిష్యులు ఇద్దరు మానేశారని తెలిసిన రోజు బ్రేకమ్మ ఒంటికాలి మీద లేచింది. "నా పొట్ట కొడుతున్నావా? నా వాళ్ళని తిట్టడానికి నువ్వెవరు?"

"నువ్వు కారులో తిడతావు. నేను ఫోన్లో తిట్టాను. కారులో అయితే బ్రేకుంది, ఫోన్లో లేదు, అంతే తేడా. పైగా ఆ ఇద్దరూ నేర్చుకునే రకం కాదు, గొంతు వింటేనే తెలిసిపోయింది."

"నీ గొంతు వింటే నాకేమవుతుందో తెలుసుగా?"

అనేశాక గానీ అది ఆ పాత మాటేనని బ్రేకమ్మకి తట్టలేదు.

"తెలుసు. నాకూ అదే అవుతుంది నీ గొంతు వింటే" అంది ఆడపడుచు. అని వంటింట్లోకి వెళ్ళి తన పొయ్యి వెలిగించుకుంది.

ఫోను మోగింది. బ్రేకమ్మ ఎత్తింది. ఎవరో వణుకుతున్న గొంతు, ఆడపిల్ల. "మేడమ్, మొన్న ఫోన్లో ఒక పెద్దావిడ మాట్లాడారు. నాకు ట్రాఫిక్కంటే భయమన్నాను. తెల్లారగానే రోడ్లు ఖాళీగా ఉంటాయి, ఆ టైములో నేర్పమని మా మరదల్ని అడుగు, కాదంటే నాకు చెప్పు అన్నారు. రేపు రమ్మంటారా?"

బ్రేకమ్మ పళ్ళు నూరింది. తన పాఠాల వేళలు తనని అడక్కుండా మార్చే హక్కు ఎవరిచ్చారు దీనికి! తెల్లవారుజామున లేవడమంటే తనకి చచ్చే చిరాకు, ఆ సంగతి ఈ మనిషికి తెలియక కాదు.

"రా" అని ఫోను పెట్టేసి, వంటింటి వైపు తిరిగి కేకేసింది. "రేపు తెల్లారేసరికి నన్ను లేపాల్సింది నువ్వే! నువ్వు పెట్టిన పెంట ఇది!"

"ఎందుకు లేపను? తలుపు పగలగొట్టయినా లేపుతాను" అని లోపల్నుంచి జవాబొచ్చింది.